నెల రోజులు మా మనవరాలి దగ్గర భూగోళం చదివిన

మా మనవరాలికి పదకొండో తరగతి పరీక్షల్లో భూగోళంలో మార్కులు తక్కువ వచ్చినయి. ఫెయిల్ కాలేదు గాని గట్టెక్కింది అంతే. ఆ రాత్రి ఇంట్లో పంచాయితీ అయింది. మా పెద్దోడు, అంటే దాని బాపు, ఇక్కడ సోలాపూర్‌లోనే తువ్వాళ్ల కార్ఖానాలో సాంచాలు నడుపుతాడు. పన్నెండు గంటల పాళీ చేసి వచ్చి కూర్చున్నాడు.

"పదో తరగతి అయినంక కామర్స్ తీసుకోమన్న. కార్ఖానాల లెక్కలు రాసే పనన్న దొరుకు. వినలే. మ్యాపులు గీసుకుంట కూసుంటే బువ్వ పెడ్తదా? ఇగ చాలు, బాపమ్మ పక్కన కూసోని బీడీలు చుట్టమను" అన్నాడు.

పిల్ల మాట్లాడలేదు. కోడలు పొయ్యి దిక్కు తిరిగింది. చివరికి అందరూ నా మొఖం చూసిన్రు. పెద్దోణ్ణి కదా, తీర్పు చెప్పాలె.

నాకు చెప్పబుద్ధి కాలేదు. ఎందుకంటే ఇట్లాంటి తీర్పు నేను ఒకసారి చెప్పి ఉన్నాను. నేను పని చేసిన మిల్లు బందు పడ్డ ఏడు మా బిడ్డ ఏడో తరగతిలో ఉంది. చదువు మంచిగ వచ్చేది. పగారు ఆగింది, ఇంట్లో ఐదుగురం. "ఇగ చాలమ్మా" అన్నాను. అది ఎదురు చెప్పలేదు, మర్నాడే చాట ముందు కూర్చుంది. ఇప్పటికీ బీడీలే చుడుతుంది. ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు, అది కూడా నన్ను అడగలేదు.

అందుకని ఆ రాత్రి మా కొడుకుతో ఇట్లన్నాను. "ఒక్క నెల ఆగు. రోజూ పొద్దుమూకి ఒక పాఠం అది నాకు చెప్పాలె. నాలుగో తరగతి చదివినోనికి అర్థమయ్యేటట్టు చెప్పిందంటే దానికి సబ్జెక్టు వచ్చినట్టే. చెప్పలేకపోతే నువ్వన్నట్టే కానీ." వాడు సరే అనలేదు, కాదు అనలేదు, తిని పడుకున్నాడు.

పిల్లకు ఎక్కడ అడ్డం పడిందో మొదటి రోజే తెలిసింది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. పుస్తకం నిండా బరువైన మాటలు. వాటిని బట్టీ పట్టి రాసింది, అర్థం పట్టుకోలేదు. నాకు చెప్పాలంటే ప్రతి మాటనూ తెలుగులోకి దించాలె. దించితేనే అది తనకూ తెలిసేది. ఆ నెలలో నేను నేర్చుకున్నదాంట్లో కొంత ఇక్కడ రాస్తున్నాను. మన ఇండ్లల్లో ఈ సబ్జెక్టు తీసుకున్న పిల్లలు ఉన్నరు. అందులో ఏముంటదో తల్లిదండ్రులకు తెలిస్తే మంచిది.

మొదటి పాఠం మట్టి. సోలాపూర్ చుట్టూ నల్లమట్టి. 6 కోట్ల 60 లక్షల ఏండ్ల కింద భూమి పగులుల్లోంచి లావా పొంగి పొరలు పొరలుగా పరుచుకుని గట్టిపడ్డది. ఆ నల్లరాయి పేరు బసాల్టు. అది అరిగి అరిగి ఈ మట్టి అయింది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు ఇస్తుంది, లోపల తడి పట్టి ఉంచుతుంది. అందుకే పత్తికి పనికొస్తుంది. మన తాతలు వచ్చిన తెలంగాణ ఊర్లల్లో చాలాచోట్ల ఎర్ర చలకలు, గుండ్రాళ్ల గుట్టలు. అక్కడి రాయి గ్రానైటు, బసాల్టు కంటే ఎన్నో కోట్ల ఏండ్లు పాతది. రాయి మారితే మట్టి మారింది, మట్టి మారితే పంట మారింది.

అప్పుడు పిల్ల ఇంకో మాట చెప్పింది. భూగోళం పుస్తకాల్లో ఈ నల్లమట్టికి రేగూర్ అని పేరట. ఇంగ్లీషు వాళ్లు కూడా అదే రాస్తారట. ఆ మాట మన తెలుగు "రేగడి" నుంచి పోయింది. మా ఇంటామె బీడీ చుడుతూనే "రేగడి అంటే మాకు తెల్వదా ఏంది!" అన్నది. పిల్ల ఆ రోజు మొదటిసారి నవ్వింది.

రెండోది పొద్దు లెక్క. దేశమంతా గడియారం ఒక్కటే. కాని సూర్యుడు ముందు తూర్పున ఉన్నోళ్లకు కనబడతాడు. మన గడియారాన్ని 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖను బట్టి పెట్టిన్రు. ఆ గీత కాకినాడ దగ్గర నుంచి పోతుంది. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాల తేడా. సోలాపూర్ దాదాపు 76 డిగ్రీల మీద ఉంది. అంటే మాకు సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో సుమారు 12 గంటల 26 నిమిషాలు అవుతుంది. ఈ పత్రిక చదివే మిగతా ఊర్ల లెక్క కూడా దానితో వేయించిన. భివండీలో 38 నిమిషాలు ఆలస్యం, కోయంబత్తూరులో 22 నిమిషాలు ఆలస్యం. యానాం వాళ్లకు ఒకటే నిమిషం. ఒరిస్సా బరంపురంలో మాత్రం గడియారం కంటే 9 నిమిషాలు ముందే. ఇవి సగటు లెక్కలు, ఏడాదిలో కొంత అటూ ఇటూ అవుతాయి. చలికాలంలో పొద్దుటి భోంగా మోగినప్పుడు మాకు ఇంకా చీకటిగా ఉండేది. పదిహేడేండ్లు ఆ చీకట్లో నడిచిన నాకు దాని కారణం ఇప్పుడు తెలిసింది.

నడక అంటే గుర్తొచ్చింది. ఒకరోజు కాలేజీ నుంచి స్థలపటం కాపీ తెచ్చింది. సర్వే ఆఫ్ ఇండియా వేసే పటం. ఆ సంస్థ 1767 నుంచి ఉంది. ఆ పటం మీద 2 సెంటీమీటర్లు అంటే నేల మీద 1 కిలోమీటరు. నీలి రంగు నీళ్లకు, గోధుమ రంగు గీతలు ఎత్తుకు. ఒక్కో గోధుమ గీత ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ పోతుంది. గీతలు దగ్గర దగ్గరగా ఉంటే నేల నిటారు, దూరం దూరంగా ఉంటే చదును. మా సిద్ధేశ్వర చెరువు, కోట, రైలు పట్టాలు చూపించింది. వంకర దారిని కొలవాలంటే దారం పెట్టి కొలుస్తారట. దారం పని అంటే నాకు ఎవరు నేర్పాలె! మా గల్లీ నుంచి మిల్లు గేటు దాకా పోగు పరిచి చూసిన, 8 సెంటీమీటర్లు వచ్చింది. అంటే 4 కిలోమీటర్లు. పోను రాను 8. ఏడాదికి 300 రోజులు, 17 ఏండ్లు. పిల్ల గుణించి చూపింది: 40,800 కిలోమీటర్లు. "తాతా, భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లే. నువ్వు భూమి చుట్టూ ఒకసారి నడిచినవ్" అన్నది. సైకిలు కొనుక్కునే తాహతు లేక నడిచిన నడక అది. మా ఇంటామె చెయ్యి ఆపి నా దిక్కు చూసింది.

వాన పాఠం కూడా బాగుంది. నైరుతి గాలులు సముద్రం మీది తేమతో వచ్చి సహ్యాద్రి కొండలకు తగులుతాయి. కొండెక్కేటప్పుడు గాలి చల్లబడి వాన కురుస్తుంది. మహాబలేశ్వర్‌లో ఏడాదికి 5,000 మిల్లీమీటర్ల పైన. కొండ దాటి మన దిక్కు దిగేసరికి గాలి వేడెక్కి పొడిబారుతుంది. సోలాపూర్‌లో దానికంటే చాలా తక్కువ. దీన్ని వాననీడ ప్రాంతం అంటారు. మన దిక్కు కరువులు ఎందుకు ఎక్కువో దీన్ని బట్టి అర్థమవుతుంది.

పన్నెండో తరగతి పుస్తకం కూడా ముందే తెచ్చుకుని చదివింది. అందులో మనుషుల గురించే ఎక్కువ. జనాభా, వలసలు, ఊర్లు, వ్యవసాయం, పరిశ్రమలు, వ్యాపారం. పరిశ్రమల పాఠం దగ్గర నేను పంతులునైనాను.

1909లో ఆల్ఫ్రెడ్ వెబర్ అని ఒక జర్మనీ పండితుడు కార్ఖానా ఎక్కడ పెడితే ఖర్చు తక్కువో ఒక సూత్రం రాసిండు. ముడిసరుకు తయారీలో బరువు తగ్గేదైతే కార్ఖానా ముడిసరుకు దగ్గరే ఉండాలట. పుస్తకంలో ఇది పిల్లకు ఎంతకీ ఎక్కలేదు. నేను చెప్పిన. "మన జిల్లాలో చక్కెర కార్ఖానాలు చెరుకు పొలాల నడుమ ఎందుకున్నయి? నూరు కిలోల చెరుకు ఆడితే చక్కెర వచ్చేది పది, పదకొండు కిలోలే. మిగిలిన పిప్పినీ, నీళ్లనూ దూరం మోసి ఎవడు కిరాయి కడతాడు? పైగా కోసిన చెరుకు ఎండితే తీపి తగ్గుతుంది. పత్తి అట్ల కాదు. బేలు విప్పి దుమ్ము, గింజ ముక్కలు, పొట్టి పీచు తీసేసినా చాలా మట్టుకు నూలుగా బయటికి వస్తుంది. పత్తి మోసినా ఒకటే, నూలు మోసినా ఇంచుమించు ఒకటే. అందుకే పత్తి పండని బొంబాయిలో కూడా మిల్లులు లేచినయి." దేశంలో నిలదొక్కుకున్న మొదటి నూలు మిల్లు 1854లో బొంబాయిలోనే మొదలుపెట్టిన్రు. రేవు, పెట్టుబడి, సముద్రపు తేమ అక్కడ ఉండె.

తేమ సంగతి పుస్తకంలో ఒక్క వాక్యమే ఉంది. రింగు ఫ్రేము మీద పని చేసినోనికి అది జీవితం. గాలి పొడిబారితే పోగు పెళుసెక్కి పుటుక్కున తెగుతుంది. తెగిన పోగులు అతకలేక సైడు మీద పరుగెత్తేది మేము. సోలాపూర్ పొడి ఊరు కాబట్టి మిల్లు లోపల నీటి తుంపర కొట్టి తేమ నిలిపేటోళ్లు. బయట ఎండకు ఒళ్లు మాడేది, లోపల చెమటతో నానేది. "ఇది పుస్తకంలో లేదు తాతా" అని పిల్ల రాసుకున్నది.

బీడీ గురించి అదే చెప్పింది. తునికాకు అడవుల నుంచి వస్తుంది, పొగాకు నిపాణీ దిక్కు నుంచి, గుజరాతు నుంచి వస్తుంది. ఆకూ ఇక్కడిది కాదు, పొగాకూ ఇక్కడిది కాదు. మరి బీడీ ఈ ఊర్లో ఎందుకు? ఇంటి పట్టున కూర్చుని తక్కువ కూలికి చుట్టే ఆడోళ్లు ఇక్కడున్నరు కాబట్టి. మిల్లు కార్మికుల పెండ్లాలు, బిడ్డలు. చవకైన పనివాళ్లు దొరికే చోటికి పరిశ్రమ జరుగుతుందని కూడా వెబర్ రాసిండట. ఆ మాట విన్నప్పుడు నాకు మా బిడ్డ గుర్తొచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వలసల పాఠం మా అందరి కథ. మనిషిని ఊరు నుంచి నెట్టే కారణాలు కొన్ని, కొత్త ఊరు గుంజే కారణాలు కొన్ని. 1876 నుంచి 1878 దాకా దక్కన్‌లో పెద్ద కరువు. దానికి ముందే మిల్లు బట్ట వచ్చి చేమగ్గం దెబ్బతిన్నది. ఇవి నెట్టినయి. ఇక్కడ 1860 ప్రాంతంలో రైలు వచ్చింది, 1877లో మొదటి మిల్లు మొదలైంది. ఇవి గుంజినయి. అప్పుడు మన ఊర్లు నిజాం రాజ్యంలో, సోలాపూర్ ఇంగ్లీషు వాళ్ల బొంబాయి ఇలాఖాలో. పక్కపక్కనే ఉన్నా రాజ్యం దాటి వచ్చినట్టే. ముందు వచ్చినోడు తమ్ముణ్ణి, బావమరిదిని పిలిపించుకున్నాడు. అట్లా ఊరి తూర్పు భాగం తెలుగు పేటలతో నిండింది. మా తాత నల్లగొండ జిల్లాలో మిర్యాలగూడ దిక్కు నుంచి చిన్నప్పుడు వాళ్ల నాయన చెయ్యి పట్టుకుని వచ్చిండు. ఊరి పేరు నాకు తెలుసు, ఎప్పుడూ చూడలేదు. మనం తెచ్చిన పనితనం వల్లనే సోలాపురి చాదర్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు దొరికింది. అంటే ఆ పేరు పెట్టుకుని వేరే ఊరివాళ్లు అమ్మకూడదు. అందులో కూడా భూగోళమే ఉంది చూడండి.

ఈ నెల రోజులూ మా కొడుకు పాఠాలకు కూర్చోలేదు. గోడ అవతల మంచం మీద పడుకునేవాడు. నిద్రపోయిండో, విన్నాడో తెలియదు. నెల ముగియడానికి మూడు నాలుగు రోజుల ముందు సంగతి. ఎండాకాలం, మాకు నల్లా నీళ్లు నాలుగైదు రోజులకు ఒకసారి. వాడు పేపర్ పట్టుకుని వచ్చి "ఉజనీ డ్యాము మైనస్‌ల పడ్డదంట. ఇగ నీళ్లు అయిపోయినట్టే. టాంకరు వాళ్లకు ముందే పైసలు కట్టాలె" అని ఆందోళన పడ్డాడు.

పిల్ల లేచి వచ్చింది. "బాపూ, మైనస్ అంటే ఖాళీ అని కాదు. కుండకు సగంల బొక్క పెట్టినవనుకో. బొక్క దాకా నీళ్లు వాటంతటవే బయటికొస్తయి. బొక్క కింద నీళ్లు ఉంటయి గాని రావు, ముంచుకోవాలె. ఉజనీల మొత్తం 117 టీఎంసీలు పడితే అందుల 63 టీఎంసీల పైన ఆ బొక్క కిందివే. వాటిని మృత నిల్వ అంటరు. పైన నిండేవి 53 మీద కొంచెం. పైవి అయిపోంగనే లెక్క మైనస్‌లకు పోతది. ఊరికి తాగే నీళ్లు కింద నిల్వ నుంచి కూడా ఇస్తరు. పొలాలకు మాత్రం కష్టం" అని చెప్పింది. ఒక టీఎంసీ అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు, సుమారు 2,831 కోట్ల లీటర్లు అని కూడా చెప్పింది.

మా కొడుకు కాసేపు నిలబడ్డాడు. తర్వాత అడిగాడు, "మరి వానాకాలం డ్యాము నిండినంక భీమల వదిలే నీళ్లు ఏడికి పోతయి?" పిల్ల పటం పరిచింది. భీమ పండరిపురం మీదుగా పోయి, కర్ణాటక దాటి, తెలంగాణ సరిహద్దు దగ్గర కృష్ణలో కలుస్తుంది. అక్కడి నుంచి జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్. సాగర్ ఎడమ కాలువ నల్లగొండ జిల్లాలో పారుతుంది. "మన పాత ఊరి దిక్కే పోతయి బాపూ" అన్నది. వాడు పటం మీద వేలు పెట్టి ఆ నీలి గీత వెంట చివరి దాకా పోయిండు. టాంకరు మాట మళ్లీ ఎత్తలేదు.

నెల నిండిన రాత్రి నేను తీర్పు చెప్పే పని పడలేదు. వాడే అన్నాడు: "పన్నెండు కానీయ్. ఆ తర్వాతది తర్వాత చూద్దాం." అంతకు మించి ఏమీ అనలేదు. అట్లనే పిల్ల ఇప్పుడు పన్నెండులో ఉంది. ఆ తర్వాత బీయే చదవాలని దాని కోరిక. ఫీజు ఎక్కడి నుంచి వస్తదో నాకు ఇంకా తెలియదు. ఈ చదువుతో టీచరు కావచ్చు, సర్కారు పోటీ పరీక్షలు రాయొచ్చు, కంప్యూటర్ మీద పటాలు చేసే పని నేర్వొచ్చు అంటున్నది. హైదరాబాదులో ఉపగ్రహాల ఫొటోలతో భూమిని పరిశీలించే జాతీయ కేంద్రం ఉంది, అట్లాంటి చోట కూడా ఈ చదువుకు గిరాకీ ఉందట. కావాలంటే చాలా చదవాలె. అయితే దారి ఉంది.

మహారాష్ట్ర బోర్డులో భూగోళం చదివే పిల్లల తల్లిదండ్రులకు రెండు ముక్కలు చెబుతాను. రాత పరీక్ష 80 మార్కులు, ప్రాక్టికల్ 20 మార్కులు. ఆ 20 మార్కులకు పటం చదవడం, లెక్కలు, జర్నల్, క్షేత్ర పరిశీలన ఉంటాయి. జర్నల్ చివరి వారంలో కాపీ కొట్టనివ్వకండి, వారం వారం రాయించండి. మీ పిల్ల మరాఠీలో గాని, కన్నడంలో గాని, తమిళంలో గాని చదువుతుంటే, ఇంట్లో తెలుగులో ఒకసారి చెప్పించుకోండి. మీకు చదువు రాకపోయినా పర్వాలేదు. వినే మనిషి ఉంటే చాలు.

మా పిల్ల క్షేత్ర పరిశీలనకు మా గల్లీనే తీసుకున్నది. కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఏ ఊరు నుంచి వచ్చిన్రు, ఎప్పుడు వచ్చిన్రు, ఎందుకు వచ్చిన్రు, ఇప్పుడు పిల్లలు ఎక్కడున్నరు. చాలామంది ముసలోళ్లకు ఊరి పేరు గుర్తుంది గాని అది ఏ తాలూకాయో తెలియదు. కొందరి పిల్లలు పూనాకు, హైదరాబాదుకు పోయిన్రు. మనల్ని నెట్టిన కారణాలే మన పిల్లలను మళ్లీ నెడుతున్నయి.

చివరికి మేనత్త ఇంటికి పోయింది, నేను కూడా వెంట పోయిన. మా బిడ్డ చాట పక్కన పెట్టి అన్నిటికీ జవాబు చెప్పింది. చదువు ఎంతవరకు అనే ప్రశ్న వచ్చింది. "ఏడు" అన్నది. "ఎందుకు ఆపినవ్ అత్తా?" అని కాగితం చూసి పిల్ల అడిగింది. మా బిడ్డ నా దిక్కు చూడలేదు. "మిల్లు బందైంది" అన్నది. "మిల్లు బందైంది నిజమే, ఆపింది మాత్రం నేను. అట్లనే రాయి" అన్నాను నేను. పిల్ల రాసింది. కొంచెం సేపు ఎవరమూ మాట్లాడలేదు. తర్వాత మా బిడ్డ పటం దగ్గరికి జరిగి "మన ఊరు ఏడుంది, చూపియ్యి" అన్నది.

మీ ఇంటికి కూడా ఏదో ఒక రోజు ఎవరి పిల్లనో ఇట్లాంటి కాగితం పట్టుకుని వస్తుంది. పని ఉందని పంపించకండి. కూర్చోబెట్టి, ఊరి పేరూ, తాతల పేర్లూ, వచ్చిన కారణమూ ఉన్నదున్నట్టు చెప్పండి.